రక్తపు విత్తనాలకు తెగులు

క్రిందటి నవరాత్రులలో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి ఈ వ్యాసానికి కారణం. బొమ్మల కొలువు పెట్టి ఇరుగుపొరుగు ముత్తయిదువలను పేరంటానికి పిలిచాము. నాలుగిళ్ళ అవతల నుంచి ఒక తల్లి ఏడేళ్ళ కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆ బిడ్డకు రక్తపు కేన్సరు. రెండేళ్ళకు పైగా మందులు వాడి, వైద్యం పూర్తయి, ఊడిన జుట్టు మళ్ళీ ఒత్తుగా వస్తున్నది. పాప కొలువు ముందు చతికిలబడి కొయ్యబొమ్మలను ముట్టుకొని చూస్తుంటే, పక్కనున్న ఇంకొక ఇల్లాలు తన పిల్లవాణ్ణి చటుక్కున ఒళ్ళోకి లాక్కున్నది. కాసేపటికి మా ఇంటావిడను వంటింటి గుమ్మం దగ్గరకు పిలిచి, "వదినగారూ, ఏమీ అనుకోకండి. ఆ రోగం ఎలుకలకు వైరస్సు వల్ల వస్తుందని మొన్ననే చదివాను. వైరస్సంటే అంటుకొనేదే కదండీ! పిల్లలను కలవనివ్వవచ్చునా?" అని అడిగింది.

మెల్లగానే అడిగింది గాని, ఆ మాట వినవలసినవారి చెవిని పడనే పడింది. ఆ తల్లి తాంబూలం అందుకొని, గుగ్గిళ్ళు పెట్టేదాకా ఆగకుండా, బిడ్డ చేయి పట్టుకొని వెళ్ళిపోయింది.

అడిగినావిడ చెడ్డది కాదు. ఆమె చదివింది అబద్ధమూ కాదు. అయితే అది సగం నిజం. మిగిలిన సగం ఏమిటో తెలుసుకొందామని మేము కొన్నాళ్ళు పుస్తకాలు తిరగేశాము. మేము వైద్యులము కాము. మెట్రిక్కుతో చదువు ముగించి కచేరీలో దస్త్రాలు దిద్దుకొనేవారము. కాబట్టి మాకు అర్థమైన మేరకు, మావంటివారికి అర్థమయ్యే మాటలలోనే చెప్పుతాము.

మూలుగలోని విత్తనపు వడ్లు

రైతు ఎంత కరువు వచ్చినా విత్తనపు వడ్లను దంచుకు తినడు. పండిన పంట తింటాడు, అమ్ముతాడు. విత్తనాలను మాత్రం వేరే పాతరలో దాస్తాడు. మన ఎముకలలోని మూలుగలో భగవంతుడు ఇట్లాంటి ఏర్పాటే చేసినాడు. మన రక్తంలోని ఎర్రకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. తెల్లకణాలలో కొన్ని కొద్ది రోజులకే చస్తాయి. చచ్చినవాటి స్థానంలో కొత్తవి పుట్టుతూ ఉండాలి. ఎర్రకణాలే సెకనుకు 20 లక్షలకు పైగా తయారవుతాయి. ఇన్నింటికీ మూలం మూలుగలో బహు కొద్ది సంఖ్యలో ఉండే ఒక జాతి కణాలు. వీటిని మూలకణాలంటారు. మూలకణం చీలినప్పుడు తనవంటి విత్తనాన్ని ఒకదానిని మిగుల్చుకోగలదు, పంటకు పనికివచ్చే పిల్లకణాలనూ ఇవ్వగలదు. ఆ పిల్లకణాలు దశలు దాటి ముదిరి ఎర్రకణాలుగానో, తెల్లకణాలుగానో అవుతాయి. ముదిరిన కణం సాధారణంగా మళ్ళీ విత్తనం కాదు.

ఈ సంగతి ప్రయోగపూర్వకంగా తేలింది ఎలుకల వల్లనే. కెనడా దేశంలో టొరంటో నగరాన జేమ్స్ టిల్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు, ఎర్నెస్ట్ మెకల్లక్ అనే వైద్యుడు కలిసి పనిచేస్తూ ఉండేవారు. వారు ఎలుకలకు తీవ్రమైన కిరణాలు తగలనిచ్చి వాటి మూలుగను చంపివేశారు. తరువాత ఆరోగ్యంగా ఉన్న ఎలుకల మూలుగ తీసి వాటి రక్తంలోకి ఎక్కించారు. సుమారు పది రోజులకు ఆ ఎలుకల ప్లీహం మీద చిన్న చిన్న బుడిపెలు కనిపించాయి. ప్లీహమంటే మరేమీ కాదు. వెనుక చలిజ్వరాలు తగిలిన పిల్లలకు కడుపులో "బల్ల పెరిగింది" అనేవారే, ఆ బల్ల. సుమారు పదివేల మూలుగ కణాలు ఎక్కిస్తే ఒక్క బుడిపె వచ్చేది. ఈ వార్త వారు 1961లో ప్రకటించారు. ఒక్కొక్క బుడిపె అంతా ఒకే ఒక కణం సంతానమని 1963లో రుజువు చేశారు. అసలైన మూలకణాలు వీటికన్న కూడా అరుదని తరువాతివారు కనుగొన్నారు. అయినా దారి చూపింది వీరిద్దరే. 2005లో వీరికి లాస్కర్ బహుమానం లభించింది. ఈనాడు రోగులకు చేసే మూలుగ మార్పిడికి ఈ జ్ఞానమే పునాది.

విత్తనపు వడ్లకు తెగులు పట్టితే పంటంతా తెగులే. రక్తపు కేన్సరు స్వభావం అదే. మూలకణమో, దానికి దగ్గరి పిల్లకణమో దారి తప్పుతుంది. ముదరడం మానివేసి, పెరగడం మాత్రం సాగిస్తుంది. మడి నిండా కలుపు మొలిచినట్లు మూలుగ నిండా పనికిరాని లేతకణాలు నిండి, మంచి రక్తానికి చోటు లేకుండా చేస్తాయి. మరి ఈ తెగులు ఎట్లా పుట్టుతుంది? వైరస్సు కథ ఇక్కడ మొదలవుతుంది.

నమ్మనివారి మధ్య ఇద్దరు

1908లో డెన్మార్కులో ఎల్లర్మన్, బాంగ్ అనే ఇద్దరు, రక్తపు కేన్సరు వచ్చిన కోళ్ళనుంచి కణాలేవీ మిగలకుండా వడగట్టిన రసాన్ని మంచి కోళ్ళకు ఎక్కించగా, వాటికీ ఆ రోగమే వచ్చింది. 1911లో అమెరికాలో పేటన్ రౌస్ అనే ఆయన కోళ్ళకు వచ్చే మరొక రకం కేన్సరుకు వైరస్సు కారణమని చూపించాడు. లోకం పట్టించుకోలేదు. కోళ్ళ సంగతి కోళ్ళదే అన్నారు. రౌస్‌కు నోబెల్ బహుమానం వచ్చింది 1966లో. అప్పటికి ఆయనకు ఎనభై ఏడేళ్ళు.

ఎలుకల విషయంలో ఈ మాటను నిలబెట్టినవాడు లుడ్విక్ గ్రాస్. పోలండు దేశీయుడు. యుద్ధకాలంలో స్వదేశం విడిచి 1940లో అమెరికా చేరాడు. న్యూయార్కు నగరంలో మాజీ సైనికుల ఆస్పత్రిలో పనిచేస్తూ ఎలుకలమీద ప్రయోగాలు సాగించాడు. ఏకే అనే జాతి ఎలుకలలో పదింటిలో ఎనిమిది తొమ్మిదింటికి రక్తపు కేన్సరు వచ్చి తీరుతుంది. వాటి రసాన్ని వడగట్టి వేరే జాతి ఎలుకలకు ఎక్కిస్తే ఏళ్ళ తరబడి ఏమీ జరగలేదు. చివరకు, అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలలోనే పెరిగే మరొక వైరస్సు సంగతి తెలిసి, ఆయన ఒక్కరోజు కూడా నిండని ఎలుకపిల్లలకు ఆ రసం ఎక్కించి చూశాడు. అవి పెరిగి పెద్దవై రక్తపు కేన్సరుతో చచ్చాయి. 1951లో ఈ సంగతి ప్రకటించాడు. అదే ఫలితం తమకు రాలేదని ఇతరులు కొన్నేళ్ళపాటు ఆయనను శంకించారు. ఏకే జాతిని పెంచి నిలబెట్టిన జేకబ్ ఫర్త్ స్వయంగా చేసి చూసి నిజమేనన్న తరువాత గాని నోళ్ళు మూతపడలేదు.

రెండవ వ్యక్తి షార్లట్ ఫ్రెండ్ అనే విదుషీమణి. న్యూయార్కులోనే స్లోన్-కెటరింగ్ పరిశోధనాలయంలో పనిచేసేది. ఆమె కనుగొన్న వైరస్సు పసివాటికే కాదు, పెద్ద ఎలుకలకు కూడా రోగం తెప్పించింది. వాటి ప్లీహం విపరీతంగా పెరిగింది. 1956లో ఒక విద్వత్సభలో ఈ సంగతి చెప్పగా సభవారు ఆమెను ఎగతాళి చేసినంత పని చేశారు. ఆమె జంకలేదు. 1957లో వ్యాసం అచ్చయింది. ఈనాటికీ ఆ వైరస్సును ఫ్రెండ్ వైరస్సు అనే పిలుస్తారు. తరువాత 1960లో మలోనీ, 1962లో రౌషర్ అనేవారి పేర్లతో మరి రెండు ఎలుక వైరస్సులు బయలుదేరాయి.

1964లో టొరంటోలోనే యాక్సెల్‌రాడ్, స్టీవ్స్ అనేవారు ఫ్రెండ్ వైరస్సు ఎక్కించిన ఎలుకల ప్లీహం మీద కూడా చిన్న మచ్చలు లేస్తాయనీ, వాటిని లెక్కిస్తే వైరస్సు పరిమాణం తెలుస్తుందనీ చూపించారు. మంచి విత్తనం మొలిచినా ఆ మడిలోనే. తెగులు విత్తనం మొలిచినా ఆ మడిలోనే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం అప్పటినుంచి వీలైంది.

చీటీ చూసి రిజిస్టరు దిద్దిన వైరస్సు

ఇప్పుడు వైరస్సు లోపల చేసే పని చూద్దాము. మా కచేరీలో అసలు రిజిస్టరు బీరువాలో భద్రంగా ఉంటుంది. అందులోనుంచి నకలు చీటీ రాసి కింది సెక్షనుకు పంపుతాము. చీటీ ప్రకారం పని జరుగుతుంది. చీటీని చూసి రిజిస్టరు దిద్దడమన్నది మా సర్వీసులో ఎరుగము. కణంలోనూ అంతే. డి.ఎన్.ఏ. అసలు రిజిస్టరు, ఆర్.ఎన్.ఏ. నకలు చీటీ. ఈ ఎలుక వైరస్సులు చీటీ రూపంలోనే కణంలోకి ప్రవేశిస్తాయి. వచ్చి, తమ చీటీని చూసి రిజిస్టరు భాషలో తిరగరాసి, దానిని కణం అసలు రిజిస్టరు నడుమ ఎక్కడో ఒకచోట అతికిస్తాయి. అట్లా తిరగరాసే రసాయనం ఉన్నదని 1970లో ఇద్దరు వేరువేరుగా కనిపెట్టారు. డేవిడ్ బాల్టిమోర్ దానిని పట్టుకున్నది రౌషర్ ఎలుక వైరస్సులోనే. హోవర్డ్ టెమిన్ పట్టుకున్నది రౌస్ కోడి వైరస్సులో. 1975లో ఇద్దరికీ నోబెల్ బహుమానం దక్కింది.

ఒకసారి అతుక్కున్న పంక్తులను కొట్టివేయడం కణానికి చేతకాదు. కణం చీలినప్పుడల్లా దొంగ పంక్తులతో సహా రిజిస్టరంతా నకలవుతుంది. మూలకణంలో అతుక్కుంటే దాని సంతతి మొత్తానికి ఆ రాత సంక్రమిస్తుంది. పైగా వైరస్సు పంక్తుల రెండు కొసలా "అర్జంటు" అనే రబ్బరు ముద్ర వంటిది ఒకటి ఉంటుంది. అవి ఏ మూలనో పడితే నష్టం లేదు. కణాన్ని పెరగమని చెప్పే జన్యువు పక్కన పడితే మాత్రం, ఆ పక్క పంక్తికీ అర్జంటు ముద్ర పడినట్లే. అక్కరలేకపోయినా "పెరుగు, పెరుగు" అనే చీటీలు ఆగకుండా పోతూ ఉంటాయి. లక్షల కణాలలో ఏ ఒక్కదానిలోనో ఇట్లా పడుతుంది. ఆ ఒక్కటి చాలు. ఎలుకకు రోగం రావడానికి నెలలు పట్టడానికి కారణాలలో ఇది ఒకటి.

ఫ్రెండ్ వైరస్సు ఎత్తు ఇంకొకటి. ఒంట్లో రక్తం తగ్గినప్పుడు మూత్రపిండాలనుంచి ఎరిత్రోపోయెటిన్ అనే ఒక రసం వచ్చి, ఎర్రకణాలు కాబోయే లేతకణాల తలుపు తట్టి "పెరగండి" అంటుంది. ఆ వైరస్సులోని ఒక మాంసకృత్తు ఆ తలుపుకు అతుక్కొని, అసలు రసం రాకపోయినా వచ్చినట్లు తట్టుతూ ఉంటుందని 1990లో కనుగొన్నారు. దానితో లేతకణాలు కుప్పలుగా పెరిగి బల్ల లేస్తుంది. ఇది మొదటి మెట్టు. ఆ కణాలలో ఏదో ఒకదానిలో వైరస్సు పంక్తులు ముదురుడును అడ్డుకొనే ఒక జన్యువు పక్కన పడతాయి. అప్పుడు కణం ముదరదు, చావదు, చీలుతూనే ఉంటుంది. ఇది రెండవ మెట్టు. ఒక్క దెబ్బతో కేన్సరు రాదు. మెట్టు మీద మెట్టుగా వస్తుంది. ఇది మనుష్యుల కేన్సరుకూ వర్తించే సూత్రమే. ఎలుకలన్నీ ఈ వైరస్సుకు లొంగవు కూడా. కొన్ని జాతుల ఎలుకలకు పుట్టుకతోనే దీనిని తట్టుకొనే శక్తి ఉన్నది.

షార్లట్ ఫ్రెండ్ 1971లో మరొక వింత చూపించింది. చెడిపోయిన ఆ కణాలను గాజుపాత్రలో పెంచి, డి.ఎం.ఎస్.ఓ. అనే ద్రావకం కలపగా, అవి మళ్ళీ ముదరడం మొదలుపెట్టి రక్తవర్ణం తయారుచేశాయి. కేన్సరు కణాన్ని చంపకుండా దారికి తేవచ్చునన్న ఆశ దీనితో బలపడింది. 1980 దశకంలో షాంఘై వైద్యులు ఒక రకం రక్తపు కేన్సరుకు విటమిన్ ఏ సంబంధమైన మందిచ్చి, లేతకణాలను ముదిరేటట్లు చేసి, రోగులను బ్రతికించారు. ఆ మందు ఇప్పటికీ వాడుకలో ఉన్నది.

మంచికి వాడబోతే

దొంగ చేతివాటాన్ని మంచి పనికి వాడరాదా అని కొందరికి తోచింది. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని మగపిల్లలు కొందరు ఉంటారు. వారికి ఒక జన్యువు లోపం. మలోనీ ఎలుక వైరస్సులోని విషం తీసివేసి, ఆ స్థానంలో మంచి జన్యువు నింపి, బిడ్డ మూలుగ కణాలలోకి పంపారు. పారిసు నగరంలో ఈ వైద్యం చేసి, ఫలించినట్లు 2000లో ప్రకటించారు. గాజు గదులలో ఉండవలసిన పిల్లలు ఇళ్ళకు వెళ్ళి ఆడుకున్నారు. కొద్ది ఏళ్ళకే పిడుగు పడింది. పారిసులోను లండనులోను కలిపి ఇరవైమంది బిడ్డలకు చికిత్స చేయగా, అయిదుగురికి రక్తపు కేన్సరు వచ్చింది. వారిలో ఒకరు మరణించారు. వైరస్సు పంక్తులు ఎల్.ఎం.ఓ.2 అనే జన్యువు పక్కన పడ్డాయి. ఎలుకలలో చూసిన అర్జంటు ముద్ర కథే మనుష్య శిశువులో జరిగింది.

పరిశోధకులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఆ ముద్రను పనిచేయకుండా కొట్టివేసి, వేరొక జాతి వైరస్సును వాహనంగా చేసుకున్నారు. ఎలుక వైరస్సు చీలుతున్న కణంలోనే అతుక్కోగలదు. మూలకణాలు చాలాకాలం నిద్రలోనే ఉంటాయి. ఈ రెండవ జాతి నిద్రపోయే కణంలోకి కూడా పోగలదు. ఇప్పుడు ఇట్లాంటి వైద్యాలలో ఎక్కువగా దానినే వాడుతున్నారు. అపాయం పూర్తిగా పోలేదు గాని, మునుపటికన్న చాలా తగ్గింది.

అయితే అంటుతుందా?

ఇక వదినగారి ప్రశ్నకు వస్తాము. పిల్లలకు సాధారణంగా వచ్చే రక్తపు కేన్సరు అంటురోగం కాదు. ముట్టుకుంటే రాదు, ఒక కంచంలో తింటే రాదు, ఒక మంచంమీద పడుకుంటే రాదు. గ్రాస్ ఎలుకలకు గాని, ఫ్రెండ్ ఎలుకలకు గాని రోగం వచ్చింది సూదితో ఎక్కించినందువల్ల. ఏకే జాతి ఎలుకలకైతే ఆ వైరస్సు రాత తల్లిదండ్రుల జన్యువులలోనుంచే సంక్రమిస్తుంది. పిల్లులలో మాత్రం ఒకదానినుంచి ఒకదానికి ఎంగిలి ద్వారా అంటే వైరస్సు ఒకటి ఉన్నది. అది పిల్లుల వరకే. ఎలుక వైరస్సు వంటిది మనుష్యులలో దొరికిందని 2009లో పెద్ద కలకలం రేగింది. అది ప్రయోగశాలలో జరిగిన కల్తీ అని తేలి, 2011లో ఆ వ్యాసాన్నే ఉపసంహరించారు.

మనుష్యులలో ఒక మినహాయింపు ఉన్నది. దాచడం న్యాయం కాదు. 1980లో వెల్లడైన హెచ్.టి.ఎల్.వి.-1 అనే వైరస్సు పెద్దవారికి ఒక అరుదైన రక్తపు కేన్సరు తెస్తుంది. జపాను నైరుతి ప్రాంతాలలో ఎక్కువ. తల్లిపాల ద్వారా, దాంపత్యం ద్వారా, రక్తం ఎక్కించడం ద్వారా పాకుతుంది గాని పక్కన కూర్చుంటే పాకదు. అది సోకినవారిలో కూడా నూటికి కొద్దిమందికే, అదీ దశాబ్దాల తరువాత, రోగం వస్తుంది. మన వీధిలోని పాపకు వచ్చినది అది కాదు.

నిజానికి భయం ఉంటే గింటే ఆ బిడ్డకే, మన వల్ల. వైద్యం జరిగే రోజులలో బిడ్డ ఒంట్లో తెల్లకణాలు తగ్గిపోతాయి. మన పిల్లల జలుబు, తట్టు, ఆటలమ్మ ఆ బిడ్డకు ప్రాణం మీదికి తేవచ్చు. అప్పుడు దూరంగా ఉండవలసింది మనం. ఆ బిడ్డను కాపాడడానికి.

మన తెలుగువారు ఈ కథలో లేకపోలేదు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి ఎదురుమందులు తయారైనాయి. వాటిలో ఒకదానిని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు కేన్సరు వచ్చిన పదహారుగురు పిల్లలకు ఇవ్వగా, పదిమందికి కొంతకాలం గుణం కనిపించింది. 1948లో ఆ వార్త ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. వాటిలో మరొకటైన మెథొట్రెక్సేటు ఈనాటికీ పిల్లల రక్తపు కేన్సరు వైద్యంలో ముఖ్యమైన మందు. ఆనాడు ఈ రోగం వస్తే నెలలే గడువు. ఈనాడు మంచి వైద్యం అందే దేశాలలో ఆ పిల్లలు పదిమందిలో తొమ్మిదిమంది దాకా బ్రతుకుతున్నారు. మన పాప మింగిన మాత్రలలోనూ అదే మందు ఉన్నదని వాళ్ళ నాన్నగారు మందుచీటీ తెచ్చి మాకు చూపించారు.

విజయదశమినాడు మా ఇంటావిడ గుగ్గిళ్ళు మూటగట్టుకొని, ప్రశ్న అడిగిన వదినగారినే వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్ళింది. "పిన్నిగారూ, తెలియక అన్నాను, మనసులో పెట్టుకోకండి" అని ఆవిడ చెప్పిందట. ఆ తల్లి మాట్లాడలేదట. లోపలికి వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చిందట. పిల్లలిద్దరూ అప్పటికే వీధి అరుగుమీద గవ్వలు పరచుకొని కూర్చున్నారు.

ఇట్లాంటి బిడ్డ మీ వీధిలోనూ ఉండవచ్చు. పేరంటానికి పిలవండి, పక్కన కూర్చోబెట్టుకోండి.